పెదవి ఆనకుండా సముద్రంలోకి

నేను సముద్రం అడుగుకు వెళ్లి వచ్చానని కోరుట్లలో చాలామందికి తెలుసు. ఆ అడుగు ఎంత లోతన్నది మాత్రం ఎవరికీ సరిగా తెలియదు. చెప్పింది నేను కాబట్టి. మొదట్లో తాటిచెట్టంత అన్నాను. జగిత్యాల చేరేసరికి అది రెండు తాటిచెట్లయింది. నిజానికి మా వ్యవసాయ బావిలో ఎండాకాలం చివర ఎన్ని నీళ్లు మిగులుతాయో, నేను దిగిన సముద్రంలోనూ అన్నే ఉన్నాయి.

నాకు కోరుట్లలో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఇల్లు రాయికల్ దగ్గరి మా ఊళ్లో. మా వ్యాపారంలో ఒక ఆచారం ఉంది. కంపెనీ పెట్టిన టార్గెట్ అందుకున్న డీలర్లను కంపెనీ విదేశం తిప్పుకొస్తుంది. రైతు చేలో పురుగు చావకపోయినా మా టార్గెట్ నిండుతుంది. పురుగు చావకపోతేనే ఇంకా తొందరగా నిండుతుంది. అట్లా నేను బ్యాంకాక్ చూశాను, దుబాయ్ చూశాను. ఈసారి మాల్టా అన్నారు. అది మధ్యధరా సముద్రంలో ఒక దీవి అని కంపెనీ మనిషి మ్యాపులో చూపించబోయాడు. ఆయన వేలు పెట్టగానే దేశం మొత్తం వేలి కింద మాయమైంది.

మామిడికాయ తొక్కు, సకినాలు, కారప్పొడి సర్దుకుని వెళ్లాం. మూడో రోజు మమ్మల్ని రాళ్ల మధ్య ఉన్న ఒక చిన్న కయ్యకు తీసుకుపోయారు. సముద్రం అక్కడ ఒడ్డులోకి చొచ్చుకొచ్చి, మూడు వైపులా పసుపు రంగు బండల మధ్య చెరువులా నిలబడింది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఒక ముసలి దొరసాని ఛాతీలోతు నీళ్లలో నిలబడి పుస్తకం చదువుకుంటోంది. పిల్లలు రబ్బరు బాతులతో ఆడుతున్నారు. ఇదే తర్వాత నా కథలో సొరచేపలు తిరిగే చోటు అయింది.

వీపున సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగే ఆటను స్కూబా డైవింగ్ అంటారు. రానివాళ్లకు ఒక గంటసేపు చేయి పట్టుకుని దింపి చూపిస్తారు. నల్ల రబ్బరు సూట్లు ఇచ్చారు. మా పొట్టలు ఆ సూట్లలోకి వెళ్లేసరికి సగం పొద్దు గడిచింది. జగిత్యాల నుంచి వచ్చిన మా డీలర్ల సంఘం అధ్యక్షుడికి వెనక జిప్పు పడలేదు. ఇద్దరు లాగితే పడింది. ఆ తర్వాత ఆయన మాట్లాడటం మానేశాడు. ఆ పూటకు అదొక లాభం.

అప్పుడు వెనక నుంచి ఎవరో, "పటేలా, మంచిగున్నరా?" అన్నారు.

తిరిగి చూస్తే అదే సూట్‌లో ముప్పై ఏళ్ల మనిషి. సూట్ అతనికి కొలిచి కుట్టినట్టు ఉంది. నేను గుర్తుపట్టలేదు.

"నేను పటేలా. మీ ఇంట్ల పనిచేసే ఆమె కొడుకును. చర్చి పక్క ఇల్లు."

వాళ్ల అమ్మ మా ఇంట్లో ఎన్నో ఏళ్లుగా వాకిలి ఊడుస్తుంది, వడ్లు ఎండబోస్తుంది. వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లు మా పొలంలో కూలి చేశాడు. కొడుకు ఎక్కడో గల్ఫ్‌లో ఉన్నాడని అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప ఆమెను ఎప్పుడూ అడగలేదు.

"నువ్వేందిరా ఇక్కడ?" అన్నాను. ఆ "రా" నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. మాల్టాకు వీసా అవసరం లేకుండా వచ్చింది అదొక్కటే.

"మొదలు హోటల్ల ప్లేట్లు కడిగిన పటేలా, ఏడాది. తర్వాత ఈ దుకాన్ల సూట్లు కడుగ, సిలిండర్లల్ల గాలి నింప పెట్టుకున్నరు. జర జర నేర్చుకొని పరీక్షలు పాసైన. ఇప్పుడు మనుషులను కిందికి దించుత."

"ఈత ఎక్కడ నేర్చినవు?"

అతను నవ్వాడు. "మీ బాయిలనే. మీరు కోరుట్లకు పోయినంక దుంకెటోళ్లం."

మా బావిలో వాళ్ల వాడ పిల్లలు దిగకూడదని మా నాన్న కట్టడి. ఆ కట్టడిని నేనూ కొనసాగించాను. నేను బండెక్కి దుకాణానికి పోయాక ఆ బావిలో జరిగిన చదువు గురించి నాకు మాల్టాలో తెలిసింది.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. మేం గ్లాసుకు పెదవి ఆనించి తాగం. ఎత్తి పోసుకుంటాం. ఇంకొకరి నోరు తగిలింది ఎంగిలి. ఎంగిలి అంటే అసహ్యం అని మాకు అన్నప్రాశన నాడే పోసి ఉంటారు. మా నాన్న చెంబును ఎంత ఎత్తుకు లేపితే అంత పెద్దమనిషి అనేవాళ్లు. నేను ఆయనకన్నా జానెడు ఎత్తు నుంచి పోసుకోగలను, గడ్డం తడవకుండా. పనివాళ్ల గ్లాసు వేరు. అది పశువుల కొట్టం కిటికీలో బోర్లించి ఉంటుంది. ఇది తప్పని నాకు అప్పుడు అనిపించలేదు. శుభ్రత అనుకున్నాను. ఆ కొట్టంలో ఎంత శుభ్రత ఉందో మా బర్రెలకే తెలియాలి.

సముద్రంలో గాలి పీల్చడానికి ఒక రబ్బరు ముక్కను నోట్లో పెట్టుకోవాలి. నా ముందు ఒక తెల్లవాడు దాన్ని నోట్లోంచి తీసి, ఉమ్మి, ఈ పిలగాడి చేతికిచ్చాడు. అతను దాన్ని ఒక నీలం తొట్టిలోని మందునీళ్లలో ముంచి, ఝాడించి, నాకిచ్చాడు. ఆ తొట్టిలో ఇంకా అట్లాంటివి పదిదాకా తేలుతున్నాయి. ఎన్ని దేశాల ఎంగిలి అందులో కలిసిపోయి ఉందో.

"మంచిగ కొరికి పట్టుండ్రి పటేలా. పెదవులు గట్టిగ మూసుండ్రి. ముక్కుతోని కాదు, నోటితోని పీల్చాలె. ఏమన్న అయితె చెయ్యి గిట్ల ఊపుండ్రి. బొటనవేలు పైకి లేపితె పైకి పోదామని అర్థం, మంచిగున్న అని కాదు."

విన్నాను. వింటున్నానని తలూపాను. కానీ నా మనసంతా ఆ రబ్బరు మీదే ఉంది. ఎవరిదో పళ్లపుల్ల ఇచ్చి తోముకోమన్నట్టుంది. అందుకని ఒక తెలివైన పని చేశాను. పెదవులు తగలకుండా, ముందు పళ్ల చివరలతో దాన్ని అట్లా పట్టుకున్నాను. ఎత్తి పోసుకుని తాగే మనిషికి అది చాలా సహజం. తరతరాల సాధన సముద్రంలో కూడా పనికొస్తుందనుకున్నాను.

సంఘం అధ్యక్షుడిని ఒక ఇటలీ ఆయన ముందుగా దింపి తెచ్చాడు; ఆ సూట్ విప్పించుకోవడానికి అధ్యక్షుడు లోపలికి పోయాడు. నన్ను ఈ పిలగాడు దింపాడు. నడుముకు సీసం కట్టిన బెల్టు లాగుతుంటే మెల్లగా దిగాం. అడుగున ఇసుక, గడ్డి, నా బొటనవేలంత చేపలు. పీల్చిన ప్రతిసారీ గాలితో పాటు కొంచెం సముద్రం కూడా నోట్లోకి వస్తోంది. అతను నా మొహం చూసి, తన పెదవులు చూపించి, రెండు వేళ్లు దగ్గర చేశాడు. మూయమని. నేను మంచిగున్నానని బొటనవేలు లేపాను. పైకి తీసుకుపోయాడు.

"ఏమైంది పటేలా?"

"ఏం కాలే. మంచిగున్న అని చెప్పిన."

"అది పైకి పోదామని పటేలా. పెదవులు మూసుండ్రి."

మళ్లీ దిగాం. మళ్లీ పళ్ల చివరలే. ఈసారి చిన్న దగ్గు వచ్చింది. దగ్గుతో పాటు ఆ రబ్బరు ఊడి నా భుజం వెనక్కి పోయింది. అప్పుడు నేను దాన్ని వెతుక్కోలేదు. చేయి ఊపలేదు. లేచి నిలబడి కాళ్లతో ఒక్క తన్ను తన్నినా తల నీళ్లపైన ఉండేది. అది కూడా చేయలేదు. రెండు చేతులతో అతని మెడ పట్టుకున్నాను.

అతను తన నోట్లోది తీసి నా నోట్లో కుక్కాడు. నా పెదవులను తన వేళ్లతో దాని చుట్టూ అదిమి పట్టాడు. తన ఛాతీ మీద వేలాడుతున్న ఇంకొకటి తీసి తను పెట్టుకున్నాడు. ఇదంతా నేను ఒక్కసారి కళ్లు మూసి తెరిచేలోపు.

ఆ రబ్బరు గోరువెచ్చగా ఉంది. అది ఎవరి నోటి వేడో నాకు తెలుసు. నేను దాన్ని పసిపిల్లవాడు రొమ్ము పట్టినట్టు పట్టాను. నా జీవితంలో ఎంగిలి గుర్తురాని నిమిషాలు అవి. ఇద్దరం ఇసుక మీద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాం. అతను నా కళ్లలోకి చూస్తూ, అరచేతిని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ నాకు ఊపిరి నేర్పాడు. పైకి వచ్చేసరికి ముసలి దొరసాని పుస్తకంలో పేజీ తిప్పింది. ఆమెకు ఏమీ తెలియలేదు.

ఒడ్డున నాకు ఛాయ్ ఇచ్చాడు.

"ఛాతి మీదిది ఇయ్యకపోయినవారా, నోట్లది తీసుడెందుకు?" అని అడిగాను. ప్రాణం పోసిన మనిషిని నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"నోట్లది నడుస్తున్నదని తెలుసు గద పటేలా. మునుగుతున్న మనిషికి నడిచేదే ఇయ్యాలె," అన్నాడు. తర్వాత, "ఒక పని చేస్తరా?" అన్నాడు.

"చెప్పు."

"మా అమ్మకు నేనేం పని చేస్తున్ననో సమజైతలేదు. ఊళ్లె అందరు బాత్రూంలు కడుగుతున్నడు అంటున్నరట. సిరిసిల్ల నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లకు గూడ అదే మాట పోయింది. మీరు కండ్లార చూసిండ్రు. మీరు చెప్తె ఇంటరు."

"గంతేనా," అన్నాను. "నేను చెప్తగా."

తిరిగొచ్చిన వారానికి జగిత్యాలలో డీలర్ల సమావేశం. మాల్టా వెళ్లొచ్చిన మాకు దండలు వేశారు. మైకు నా చేతికొచ్చింది. మైకు దొరికిన మనిషి సముద్రంలో దొరికిన మనిషికన్నా ప్రమాదం. కథ మొదలుపెట్టాను. లోతు వచ్చింది, చీకటి వచ్చింది, చేప వచ్చింది, చేపకు పళ్లు వచ్చాయి. నోట్లోని గొట్టం ఊడిపోయిన చోటికి వచ్చాను. హాలంతా నా వైపే చూస్తోంది. అప్పుడు ఎవరు కాపాడారో చెప్పాలి. పేరు కాదు అడ్డుపడింది. పనామె కొడుకు కాపాడాడంటే చప్పట్లు కొట్టేవాళ్లే. కానీ ఎట్లా కాపాడాడో చెబితే, వాడి నోట్లోది నా నోట్లోకి వచ్చిందని చెప్పాలి. ముందు వరుసలో మా బంధువులు కూర్చుని ఉన్నారు.

"అంతట్ల ఒక ఇటలీ ఆయన దేవునోలె వచ్చిండు," అన్నాను. "తన నోట్లోది తీసి నాకు పెట్టిండు."

ఇటలీవాడి ఎంగిలికి హాలు చప్పట్లు కొట్టింది. ఎవరికీ అసహ్యం వేయలేదు. విదేశీ సరుకు కదా. అధ్యక్షుడు ఆ వీడియో తీసి సంఘం గ్రూపులో పెట్టాడు. అది కోరుట్లకు, మెట్‌పల్లికి, ధర్మపురికి, ఇంకా నాకు తెలియని ఊళ్లకు పోయింది.

ఇంట్లో మాత్రం మా ఆవిడ అంత లొంగలేదు. "గంత లోతుకు పోయి గొట్టం సంగతి చూసినోనివి, బకెట్ నిండితె నల్లా బందు చెయ్యరాదా," అనేది.

పిలగాడి అమ్మ ఒకరోజు వాకిలి ఊడుస్తూ అడిగింది. "పటేలా, మా పిలగాన్ని చూసిండ్రట?"

"చూసిన. మంచిగున్నడు."

"ఏం పని చేస్తుండు?"

"గా నీళ్ల కాడనే ఏదో చేస్తుండు," అన్నాను. అప్పుడు నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఫోన్‌లో చూడాల్సింది ఏమీ లేదు. ఆమె ఇంకా ఏదైనా చెబుతానేమో అని చీపురు ఆపి నిలబడింది. నేను ఫోన్ తెరను ఇంకో రెండుసార్లు పైకి తోశాను. ఆమె మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

సిరిసిల్లవాళ్లు ఒక మధ్యాహ్నం కోరుట్లలో నా దుకాణానికి వచ్చారు. పిల్ల తండ్రి, మేనమామ. తండ్రి మరమగ్గాల మీద పనిచేస్తాడు. మా వైపు సంబంధం కలిపే ముందు అబ్బాయి ఊరి పెద్దమనిషిని కలిసి అరుసుకుంటారు. పెద్దమనిషి మాటే సంబంధానికి సంతకం. వాళ్లకు నేను ఊరి పెద్దమనిషిని మాత్రమే కాదు, మాల్టా చూసొచ్చినవాణ్ణి కూడా. ఖర్మకొద్దీ అదే సమయంలో సంఘం అధ్యక్షుడు నా దుకాణంలో కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు. ఇటలీ ఆయన కథను నాకన్నా బాగా చెప్పే మనిషి.

తండ్రి కుర్చీ అంచున కూర్చుని, "పటేలా, పిలగాడు మంచోడే అంటున్నరు. ఏం పని అనేదే తెలుస్తలేదు," అన్నాడు. "నీళ్లల్ల మనుషులను తిప్పుత అని పిలగాడు చెప్తుండు. హోటల్ల కడిగే పని అని ఊళ్లె అంటున్నరు. కడుగుడు తప్పు కాదు. అబద్ధమాడుడే తప్పు. మా అక్క బిడ్డను గట్లనే దుబాయ్ల మేనేజరని ఇస్తె, ఆడ ఒంటెలు కాస్తుండె. మీరు చూసిండ్రట గద?"

అధ్యక్షుడు ఛాయ్ గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు. నాకు రెండు దారులున్నాయి. నిజం చెబితే ఇటలీ ఆయన చచ్చిపోతాడు. చెప్పకపోతే సంబంధం. నేను మూడో దారి వెతికాను. ఎప్పుడూ వెతికేది అదే.

"నేను పోయినప్పుడు," అన్నాను, "తొట్టి కాడ సామాన్లు కడుగుతుండె."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఆ రబ్బరును తొట్టిలో కడుగుతుండగా నేను చూశాను. న్యాయస్థానంలో కూడా ఈ వాక్యం నిలబడుతుంది. మేనమామ తండ్రి వైపు చూశాడు. ఇద్దరూ లేచి దండం పెట్టారు. "నిజం చెప్పిండ్రు పటేలా, పిల్ల బతుకు నిలబెట్టిండ్రు," అన్నాడు తండ్రి. వాళ్లను మెట్ల దాకా సాగనంపాను.

నాలుగు రోజులకు నేను పొద్దున్నే అన్నం ముందు కూర్చుంటే మా ఆవిడ కూర వేయకుండా నిలబడింది.

"ఆమె పనికి రాదట."

"ఎందుకు?"

"సంబంధం పోయింది. కొడుకు ఫోన్ల చెప్పిండట, నీకు గొట్టం ఊడితె తన నోట్లది తీసి నీ నోట్ల పెట్టిన అని. ఆమె నాకు చెప్తె నేను నమ్మలే. 'ఇటలీ ఆయన అని చెప్పిండు మా పటేలు' అన్న. ఆమె చీపురు గోడకు పెట్టి పోయింది." ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసింది. "చెప్పు. ఎవ్వని గాలి తాగినవు?"

నేను అన్నం కలుపుతూ ఉన్నాను. కూర లేని అన్నం.

"ఆ పిలగానిదే," అన్నాను.

"గా మాట సిరిసిల్లల చెప్పిరా. వచ్చినంక తిందువు."

రుద్రంగి మీదుగా, వేములవాడ దాటి సిరిసిల్ల పోయాను. దారి పొడవునా ఎట్లా చెప్పాలో కూర్చుకున్నాను. నా తప్పు తక్కువ, పరిస్థితి ఎక్కువ కనిపించేలా వాక్యాలు పేర్చాను. ఒక వాక్యంలో అయితే తప్పు పూర్తిగా సముద్రానిదే అయింది.

వాళ్ల సందులో ప్రతి ఇంట్లో మరమగ్గాలు ఆడుతున్నాయి. సాంచాలు అంటారు అక్కడ. పిల్ల తండ్రి పనిచేసే చోటు వాళ్ల ఇంటిని ఆనుకునే ఉంది. మాట్లాడాలంటే అరవాలి. నేను వచ్చిన పని అరిచి చెప్పేది కాదు. ఆయన తన సాంచాలు ఆపి, చేతులు తుడుచుకుని, నన్ను ఇంట్లో కూర్చోబెట్టాడు. మేనమామ వచ్చాడు. పిల్ల లోపలి గది తలుపు దగ్గర నిలబడింది. బట్టల కంపెనీలో కుట్టుపని చేస్తుందట. ఆ రోజు సెలవు.

చెప్పాను. సగం చెప్పగానే మేనమామ నవ్వి, ఫోన్ తీసి, దండ వేసుకున్న నన్ను నాకే చూపించాడు. 'ఒక ఇటలీ ఆయన దేవునోలె వచ్చిండు' అంటున్నాను నేను, గొంతు వణికించి మరీ.

"గిది ఏంది సార్ మరి?"

"అది అబద్ధం. ఇది నిజం."

తండ్రి నా చేయి పట్టుకున్నాడు. "పటేలా, మీది పెద్ద మనసు. పని మనిషి కొడుకు లగ్గం కోసం ఇంత దూరం వచ్చి, మీ ఇజ్జత్ తక్కువ చేసుకొని, లేనిది చెప్తున్నరు. ఇసొంటోళ్లు ఈ కాలంల ఏడున్నరు?"

నా అబద్ధాన్ని ఊరూరా నమ్మారు. నిజం చెప్పడానికి వస్తే దానికీ నాకే దండ వేస్తున్నారు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆయన ఆ మాట అన్నప్పుడు ఒక్క క్షణం నాకు సంతోషంగానే ఉంది. అవును, నేను పెద్ద మనసున్నవాణ్ణే అనిపించింది. లేచి రావచ్చు కూడా. ఇంటికెళ్లి చెప్పాను, నమ్మలేదు అనొచ్చు. అది కూడా నిజమే అయ్యేది.

తలుపు దగ్గర నుంచి పిల్ల అంది. "బాపూ, నిజమో అబద్ధమో మనకెందుకు చెప్పుడు. ఆ వీడియో పెట్టిన గ్రూపులనే చెప్పుమను. ఆడ అబద్ధం చెప్పి మనింటికి వచ్చి నిజం చెప్తె, ఏది నమ్మాలె మనం?"

"పిల్ల గట్లనే మాట్లాడ్తది పటేలా, తప్పు పట్టుకోకుండ్రి," అన్నాడు తండ్రి.

"మాట్లాడనీ," అన్నాను. ఫోన్ ఆమెకిచ్చాను. "నువ్వే తియ్యి బిడ్డా."

పక్క సాంచాలు కూడా ఆపించారు. సందంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. నలుగురైదుగురు పనివాళ్లు ఏమైందోనని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేను గొంతు సవరించుకున్నాను.

"మిత్రులారా, మన ప్రాంతపు ముద్దుబిడ్డ, ఖండాంతరాలలో మన కీర్తి..."

ఆమె ఫోన్ దించింది. "ఉపన్యాసం వద్దు సార్. ఏమైందో చెప్పుండ్రి."

మళ్లీ మొదలుపెట్టాను. మా ఊరి పిలగాడు అక్కడ మనుషులను సముద్రంలోకి దించే ఉద్యోగం చేస్తున్నాడనీ, పరీక్షలు పాసయ్యాడనీ, నేను ఊపిరాడక ఇబ్బంది పడితే సకాలంలో గాలి అందించాడనీ చెప్పాను. బాగా వచ్చిందనుకున్నాను.

"గాలి ఎట్ల అందించిండు?" అంది ఆమె.

"చెప్పిన గద."

"చెప్పలే. ఆ ముక్క దాటిపోయిండ్రు. ఇటలీ ఆయనది అయితె నోట్లోది తీసి పెట్టిండు అన్నరు. ఈయన దగ్గరికి వచ్చేసరికి అందించిండు అంటున్నరు."

గుమ్మంలో ఎవరో నవ్వారు. కారులో పేర్చుకున్న వాక్యాలు ఒక్కటీ పనికిరావని తెలిసింది. మూడోసారి ఫోన్ వైపు చూడకుండా చెప్పాను. ఇటలీ ఆయన నన్ను తాకనేలేదన్నాను. మా ఇంట్లో పనిచేసే ఆమె కొడుకు తన నోట్లో ఉన్నది తీసి నా నోట్లో పెట్టాడన్నాను. అది వెచ్చగా ఉందన్నాను. ఎంగిలని నేను రబ్బరును సరిగా పట్టుకోకపోవడం వల్లే నీళ్లు మింగానన్నాను. వాళ్ల నోటిది నా నోట్లోకి వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడి జగిత్యాలలో అబద్ధమాడాననీ, అదే సిగ్గుతో ఒక సంబంధం చెడగొట్టాననీ అన్నాను. సముద్రం లోతు కూడా చెప్పాను. అది ఎవరూ అడగలేదు.

ఆమె ఫోన్ నా చేతికిచ్చింది. సంఘం గ్రూపులోకి పంపాను. కాసేపటికే అధ్యక్షుడు ఫోన్ చేశాడు.

"కాకా, గిదేంది? తాగినవా?"

"తాగలే."

"జల్ది డిలీట్ చెయ్యి. ఇంకా ఎక్కువ మంది చూడలే. మన సంఘం ఇజ్జత్ పోతది. ఎవ్వల ఎంగిలి తిన్నమో చెప్పుకుంటమా? నేను వాళ్లకు సర్దిచెప్త, నువ్వు డిలీట్ చెయ్యి."

"చూస్త," అన్నాను.

ఫోన్ పెట్టేసి వీడియో మీద వేలు ఉంచాను. అందరికీ చెరిపెయ్యాలా అని ఫోన్ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఇంటికి పోయే దారిలో, వేములవాడ దాటేలోపు, నేను ఏం చేస్తానో నాకు తెలుసు. నా మాట మీద నాకు నమ్మకం లేదు.

"నీ నంబర్ చెప్పు బిడ్డా," అన్నాను.

"ఎందుకు?"

"ఇది నీకు పంపుత. నీ దగ్గరున్నంక నేను ఏం చేసినా ఉంటది."

ఆమె నంబర్ చెప్పింది. పంపాను. ఆమె చూసుకుని, ఇంకెవరికో పంపి, మేనమామకు పంపి, ఆ తర్వాత తండ్రితో, "ఆయన్ని నేనే అడుగుత బాపూ," అని నా ముందే ఫోన్ కలిపింది. వీడియో కాల్. అవతల తడి జుట్టుతో పిలగాడు కనిపించాడు. వెనక పసుపు బండలు.

"మీరు ప్లేట్లు కడిగిండ్రా?" అంది.

"కడిగిన. ఏడాది," అన్నాడతను.

"దాసిండ్రెందుకు మరి?"

"దాయలే. ఎవ్వలు అడగలే. అడిగినోళ్లకు పటేలు చెప్తడనుకున్న."

ఆమె నా వైపు చూడలేదు. తండ్రి మాత్రం చూశాడు. ఇందాకటి చూపు కాదది. నా చేయి పట్టుకున్న మనిషే, గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అన్నాడు.

"పటేలా, పిల్ల జర మాట్లాడుకుంటది. మీరు బయట కూసోండ్రి."

లేచి వెళ్లి గుమ్మం బయట, నూలు కండెల బస్తాల పక్కన కూర్చున్నాను. పనివాళ్లు తమ తమ సాంచాల దగ్గరికి వెళ్లిపోయారు. మళ్లీ ఆడించారు. ఆ చప్పుడులో లోపల ఏం మాట్లాడుకుంటున్నారో నాకు వినిపించలేదు. ఒకసారి మాత్రం ఆమె నవ్వినట్టు అనిపించింది. జేబులో ఫోన్ కొట్టుకుంటూనే ఉంది. నేను ఎత్తలేదు. పిలిచేదాకా అక్కడే కూర్చోవాలి అనుకున్నాను, కూర్చున్నాను.